రెండేళ్లు పంప్ పౌడర్ తాగాను: కండ పట్టిందా?

ముందే చెప్పేస్తాను. పంప్, అంటే వర్కవుట్‌లో రక్తం చేరి కండ కాసేపు ఉబ్బడం, వచ్చింది, బ్రహ్మాండంగా వచ్చింది. కండ మాత్రం దానివల్ల పట్టలేదు. రెండేళ్లు తాగి, టేపుతో కొలిచి, నోటుబుక్‌లో రాసుకుని చెబుతున్న మాట.

మాది ఎంవీపీ కాలనీ. పెదవాల్తేరు నుంచి మా జిమ్‌కి వచ్చే తమ్ముడొకడు ఓ రోజు తన షేకర్ నా చేతిలో పెట్టి, "అన్నా, ఇది తాగి చెయ్యి, నరాలు ఎలా తేల్తాయో చూడు" అన్నాడు. నిజంగానే తేలాయి. మర్నాడే నేనూ ఒక డబ్బా కొన్నాను. అది పది దినుసులు కలిపిన ప్రీ వర్కవుట్, అంటే వర్కవుట్‌కి ముందు నీళ్లలో కలుపుకుని తాగే పొడి. లేబుల్ మీద 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని మొత్తం బరువు ఒక్కటే వేశారు, ఏది ఎంత ఉందో వెయ్యలేదు. తాగిన పావుగంటకి చెవులు, బుగ్గలు చీమలు పాకినట్టు జిలజిలలాడేవి. మందు పని చేస్తోందనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అది అందులోని బీటా అలనిన్ అనే దినుసు లక్షణం, రక్తప్రసరణకీ దానికీ సంబంధం లేదు. అందులో కెఫీన్ కూడా ఉండటంతో సాయంత్రం తాగిన రోజు రాత్రి రెండు దాకా నిద్ర పట్టేది కాదు. కొనేవాడికి లెక్క చెప్పకుండా అమ్మడం అన్యాయమని నాకు ఇప్పటికీ కోపమే.

ఆ డబ్బా అయ్యాక ఉత్త సిట్రులిన్ మేలేట్‌కి (పంప్ కోసం వాడే అమైనో ఆమ్లం పొడి) మారాను. వర్కవుట్‌కి ముప్పావుగంట ముందు 6 గ్రాములు. సిట్రులిన్ మూత్రపిండాల్లో ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారుతుంది, దాన్నుంచి రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది, దాంతో నాళాలు సడలి వెడల్పవుతాయి. ఈ నైట్రిక్ ఆక్సైడ్ పనితీరు కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ ఇచ్చారు. ఆర్జినిన్‌నే నేరుగా తాగితే పేగులు, కాలేయం చాలావరకు మింగేస్తాయి. అందుకే సిట్రులిన్ మేలు. ఒక్క చిక్కు, మన వైజాగ్ ఉక్కపోతకి ఆ పొడి మూడు వారాల్లో రాయైపోతుంది. చాకుతో గీకాల్సి వచ్చేది. చివరికి బిగుతు మూత స్టీలు డబ్బాలోకి మార్చాను.

ఇక కొలతల సంగతి. జిమ్‌కి వెళ్లేముందు జబ్బ 13.5 అంగుళాలు. చేతుల వర్కవుట్ అయ్యాక అద్దం ముందు సరిగ్గా 14. స్నానం చేసి, ఇడ్లీ తిని, ఆఫీసుకెళ్లే ముందు మళ్లీ కొలిస్తే 13.5. మూడు నెలలు ఇదే వరస. బెంచ్ ప్రెస్ 60 కిలోల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. కండలోకి చేరిన రక్తం, నీరు రెండు గంటల్లో వెళ్లిపోతాయి. కండ పెరగడానికి బరువు మోసేటప్పుడు పోగుల మీద పడే లాగుడు కావాలి, ఆ తర్వాత వాటికి ప్రోటీన్ అందాలి.

అప్పుడు నా తిండి లెక్క వేసుకున్నాను. 70 కిలోల మనిషిని, రోజుకి ప్రోటీన్ 60 గ్రాములు దాటడం లేదు. కిలోకి 1.6 గ్రాముల చొప్పున చూస్తే 110 దాకా కావాలి. గుడ్లు, చికెన్, పెసలు పెంచాను, రోజూ 5 గ్రాముల క్రియాటిన్ మొదలుపెట్టాను, ప్రతి వారం ఒక రెప్పో (బరువు ఒకసారి ఎత్తి దించడం), కొంచెం బరువో పెంచాలని పట్టుబట్టాను. ఎనిమిది నెలల్లో పొద్దున్నే లేవగానే కొలిచిన జబ్బ 14.25కి వచ్చింది, బెంచ్ 77.5 దాటింది. మధ్యలో రెండు నెలలు సిట్రులిన్ పూర్తిగా ఆపేశాను, ఎదుగుదల ఆగలేదు.

అలాగని అది ఉత్తదే అనను. స్క్వాట్లు పదిహేనేసి చేసే రోజున నాకు చివరి సెట్‌లో ఒకటి రెండు రెప్స్ ఎక్కువ పడేవి. ప్రయోగాల్లోనూ కొన్నింటిలో ఈపాటి లాభం కనిపించింది, కొన్నింటిలో ఏమీ లేదు. ఇదే పనికి రైతుబజార్ బీట్‌రూట్ కూడా వాడి చూశాను. అందులోని నైట్రేట్‌ని నాలుక మీది సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి, దాన్నుంచే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది, కాబట్టి ఆ పూట మౌత్‌వాష్ పుక్కిలిస్తే రసం తాగీ లాభం లేదు. ఉడికించి నీళ్లు పారబోసినా నైట్రేట్ చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. పచ్చిదే రసం తీసి, రెండు మూడు గంటల ముందు తాగాలి. మూత్రం ఎర్రగా వస్తే హడలిపోకండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. బీపీ మాత్రలు వాడే మా పెద్ద బావగారు నా డబ్బా చూసి, "నాకూ ఒక చెంచా కలపవయ్యా" అన్నారు. "డాక్టర్‌ని అడిగాకే బావగారూ" అని తీసి పక్కన పెట్టేశాను. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వేసుకునేవాళ్లూ, సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడేవాళ్లూ దీని జోలికి పోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

నెలకి దాదాపు 1,200 రూపాయలు దీనికి పోసేవాణ్ణి. ఇప్పుడు ఆ డబ్బు గుడ్లకీ చికెన్‌కీ వెళ్తోంది. మిగిలిన పొడి కాళ్ల వర్కవుట్ రోజున మాత్రం కలుపుకుంటున్నాను. పెదవాల్తేరు తమ్ముడు మొన్న నా టేపు అడిగాడు. జిమ్ అయ్యాక కాదు నాన్నా, లేవగానే కొలుచుకో అని చెప్పి ఇచ్చాను.