శ్రీకాకుళంలో రెండ్రోజుల ప్రొడక్ట్ ప్లానింగ్ సెషన్, మా ఐదుగురం వెళ్ళొచ్చాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సెషన్ బాగుంది, టీం మొత్తానికి కలిపి 12,000 తీసుకున్నారు, ఆ డబ్బు గురించి మాకు బాధ లేదు. కానీ టీంలో అందరూ వెళ్తేనే. ఒక్కరు వెళ్ళి నోట్స్ రాసుకొచ్చి మిగతావాళ్ళకి చెప్దాం అనుకుంటే మాత్రం వద్దు, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

మాది పలాస పక్కనే కాశీబుగ్గ. ఇద్దరు కోడింగ్, ఒకడు సేల్స్, ఒకమ్మాయి అకౌంట్స్ చూస్తుంది, మిగిలినవి నేను. పలాస జీడి యూనిట్లకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా చేద్దామని ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టాం. మా మేనమామకి యూనిట్ ఉంది, చిన్నప్పట్నుంచి ఆ జీడిపిక్కల వాసనలోనే పెరిగాను, కాబట్టి ఈ పని నాకు తెలుసు అనే ధైర్యం. ఎనిమిది నెలల్లో రెండు యాప్‌లు కట్టాం, రెండూ ఎవరూ వాడలేదు. మూడోది మొదలెట్టే ముందు తెలిసినవాళ్ళు చెప్పారు, ఒకాయన బెంగళూరులో చాన్నాళ్ళు ప్రొడక్ట్ మేనేజర్‌గా చేసి సొంతూరు వచ్చేశారు, చిన్న టీంలని శని ఆదివారాలు కూర్చోబెట్టి మొదటి ప్రొడక్ట్ ఏటి చెయ్యాలో తేల్చి పంపిస్తారు అని.

ఫోన్ చేస్తే వెంటనే డేట్ ఇవ్వలేదు. హోంవర్క్ ఇచ్చారు. పది యూనిట్లకి వెళ్ళండి, ఓనర్లతో మాట్లాడండి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళతో మాట్లాడండి, కానీ "ఇలాంటి యాప్ ఇస్తే వాడతారా" అని ఒక్కరిని కూడా అడగొద్దు, పోయిన వారం ఏం జరిగిందో అడగండి, ఎక్కడ డబ్బు తేడా వచ్చింది, ఎక్కడ మాటామాటా వచ్చింది, ఎవరు రాత్రి లేటుగా పడుకున్నారు, అంతే. నాకు ఈ సెషన్ మొత్తంలో బాగా విలువైంది ఈ ఒక్క ముక్కే అనిపిస్తుంది, అది కూడా హాల్లో అడుగు పెట్టకముందే. మా వైపు ఎవరూ మొహం మీద వద్దు అనరండీ. కూర్చోబెట్టి టీ ఇచ్చి "బాగుంది బావు, సెయ్యండి" అంటారు, అది మర్యాద. మేం రెండు యాప్‌లు ఆ మర్యాదని నమ్ముకుని కట్టాం.

పది అన్నారు గానీ మేం ఏడు యూనిట్లే తిరగగలిగాం. ఏడింట్లో అయిదు చోట్ల ఒకటే మాట, శనివారం కూలి లెక్క. ఎవరు ఎన్ని కిలోలు కొట్టారో నోటుబుక్‌లో రాస్తారు, మధ్యలో తీసుకున్న అడ్వాన్సులు ఇంకో బుక్‌లో ఉంటాయి, శనివారం సాయంత్రం ఓనర్ భార్య క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంటే రాత్రి అవుతుంది, ఆలోగా "మంగళారం నాది రెండు కిలోలు తక్కువ రాసారు" అని ఒకరు, "లేదమ్మా కాటా మీద నువ్వే సూసావు కదా" అని ఇంకొకరు. మా మావయ్య యూనిట్‌లో ఈ గొడవ నేను చిన్నప్పట్నుంచి చూస్తూనే ఉన్నా, కానీ అది మనం తీర్చాల్సిన సమస్య అని ఒక్కసారి కూడా తట్టలేదు.

సరే, సెషన్‌కి వస్తా. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మేడ మీద చిన్న హాలు. మేం పలాసలో పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి ఆటోలో వెళ్ళాం. మొదటిరోజు స్లైడ్లు, పరిచయాలు ఏమీ లేవు, కూర్చోగానే తలా ఒక తెల్లకాగితం ఇచ్చి "మీ ప్రొడక్ట్ ఎవరికి, వాళ్ళ ఏ ఇబ్బంది తీరుస్తుంది, ఒక్క వాక్యంలో రాయండి, పక్కవాళ్ళది చూడొద్దు" అన్నారు. ఐదు కాగితాలు గోడకి అంటించి చూస్తే నాలుగు వేరే వేరే ప్రొడక్టులు ఉన్నాయి! ఒకడు హైదరాబాద్ వాళ్ళకి ఆన్‌లైన్‌లో జీడిపప్పు అమ్మడం రాశాడు, ఒకడు కెమెరాతో పప్పు గ్రేడింగ్ చేసే ఏఐ, అకౌంట్స్ అమ్మాయి కూలి లెక్క, సేల్స్ వాడూ నేనూ ఓనర్లకి స్టాక్ సాఫ్ట్‌వేర్. ఎనిమిది నెలలు ఒకే గదిలో కూర్చుని పనిచేసిన వాళ్ళం. ఆ గోడ చూసి ఎవరం మాట్లాడలేదు కాసేపు. ఒక్కరే వెళ్తే లాభం లేదు అన్నది ఇందుకే, ఆ గోడ ఐదుగురం కలిసి చూడాలి.

సార్ ఇది కరెక్ట్ అది తప్పు అని తేల్చలేదు. ఒక్కో కాగితం దగ్గరికి వెళ్ళి "ఇది మీకు ఎవరు చెప్పారు, ఏ యూనిట్‌లో, ఏ రోజు" అని అడిగారు. స్టాక్ సాఫ్ట్‌వేర్ గురించి నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు. కూలి లెక్క దగ్గర మాత్రం ఆ అమ్మాయి అయిదు యూనిట్ల పేర్లు, వాళ్ళన్న మాటలతో సహా చదివింది. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఏం చెయ్యాలన్నది తేలిపోయింది, ఓటింగ్ అవసరం కూడా రాలేదు.

తర్వాత ఫీచర్లు. మా తలలో ఉన్నవన్నీ చిన్న స్లిప్పుల మీద రాయిస్తే 41 వచ్చాయి. ఒకటే ప్రశ్న, ఇది లేకపోతే ఈ శనివారం కూలి ఇవ్వలేమా? ఇవ్వగలం అంటే ఆ స్లిప్పు పక్కకి. చివరికి ఆరు మిగిలాయి: మనిషి పేరు, రోజు తూకం, అడ్వాన్సు కోత, వారం మొత్తం, చేతికిచ్చే చీటీ, సిగ్నల్ లేకపోయినా పని చెయ్యడం. డాష్‌బోర్డు పోయింది, రిపోర్టులు పోయాయి, నాకు చాలా ఇష్టమైన స్టాక్ స్క్రీన్ కూడా పోయింది.

కెమెరా గ్రేడింగ్ దగ్గర కొంచెం కష్టమైంది. మావాడు దాని మీద రాత్రులు పనిచేశాడు, ఊరికే తీసి పారేస్తే మనసు విరిగిపోతుంది. సార్ వాణ్ణే అడిగారు, ఇది పనిచెయ్యాలంటే ముందు ఏమేం ఉండాలి అని. వాడే బోర్డు మీద రాశాడు. గ్రేడ్ నంబర్ అంటే సుమారు ఒక పౌనుకి (దాదాపు 454 గ్రాములు) ఎన్ని గుళ్ళు, అంటే విరగని పప్పులు, తూగుతాయో ఆ లెక్క, డబ్ల్యూ 240 కంటే డబ్ల్యూ 320 పప్పు చిన్నది, కానీ విడిగా ఒక్కో పప్పు చూస్తే తేడా చాలా కొంచెమే, దాన్ని పట్టాలంటే వేల ఫొటోలు కావాలి, ఆ ఫొటోలు యూనిట్ వాళ్ళు మనల్ని నమ్మి లోపలికి రానిస్తేనే వస్తాయి. రాసి వాడే అన్నాడు, అయితే కూలి లెక్కే ముందు రావాలి అని. స్లిప్పు చింపలేదు, "20 యూనిట్లు 3 నెలలు వాడాక" అని షరతు రాసి గోడ మీదే ఉంచారు. టీంలో ఒకడి ఆలోచన పక్కన పెట్టాలంటే ఇంత ఓపిక కావాలని నాకు అప్పుడు తెలిసింది, నేనైతే "అది తర్వాత చూద్దాంలే" అనేసేవాణ్ణి, ముందు అలాగే అన్నాను కూడా.

రెడ్‌బస్ గురించి చెప్పింది కూడా బాగా గుర్తుండిపోయింది. ఫణీంద్ర సామాకి పండక్కి ఊరెళ్ళడానికి బస్సు టికెట్ దొరకలేదు, 2006లో ఆ కంపెనీ పెట్టారు, 2013లో ఐబిబో కొనేసింది, ఇది చాలామందికి తెలుసు. నాకు తెలియనిదేటంటే వాళ్ళు మొదట చేసింది బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్. ఆపరేటర్లు ఆసక్తి చూపించలేదు. అప్పుడు ఆపరేటర్ల తరఫున తామే టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. మాకు సార్ ఇచ్చిన పని కూడా అలాంటిదే, సాఫ్ట్‌వేర్ ఇచ్చే ముందు ఆ పని మనమే చేసిపెట్టడం. రెండు వారాలు కోడ్ ముట్టుకోవద్దు, ఓనర్లు రోజూ నోటుబుక్ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపిస్తారు, మీరు గూగుల్ షీట్‌లో ఎక్కించి శనివారం మధ్యాహ్నానికల్లా లెక్క తిరిగి పంపండి, ఆ లెక్క వాళ్ళకి నిజంగా కావాలో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంక బాగోలేనివి. రెండోరోజు మధ్యాహ్నం రోడ్‌మ్యాప్ అని మూడు గంటలు తీసుకున్నారు, అది మాకు ఎక్కలేదు. స్లైడ్లన్నీ పెద్ద టీంలున్న కంపెనీలవి, క్వార్టర్ టార్గెట్లు, ఓకేఆర్‌లు (లక్ష్యాలు, వాటిని కొలిచే ఫలితాలు రాసుకునే పద్ధతి). ఐదుగురికి, అదీ ఇద్దరు ఇంకా వేరే ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, ఏడాది ప్లాన్ దేనికండీ. ఆ టైంలో ధర ఎంత పెట్టాలో కూర్చోబెట్టి ఉంటే చాలా బాగుండేది, ధర గురించి రెండ్రోజుల్లో పది నిమిషాలు కూడా మాట్లాడలేదు, ఇది నిజంగా లోటు. రాసింది ఏదీ టైప్ చేసి ఇవ్వరు, గోడ ఫొటోలు మీరే తీసుకోవాలి. తర్వాత గంటసేపు ఫాలోఅప్ కాల్ అన్నారు, అరగంటలోపే అయిపోయింది. హాల్లో ఉక్కపోత, ఫ్యాన్లే ఉన్నాయి, ఎండాకాలం అయితే ఆలోచించుకోండి.

చివరి గంట మాత్రం మళ్ళీ బాగుంది. ఏ విషయంలో చివరి మాట ఎవరిది అని ఒక కాగితం మీద రాయించారు. కోడ్ ఎలా కట్టాలన్నది కోడింగ్ వాళ్ళది, యూనిట్ వాళ్ళకి ఏం మాటిచ్చాం అన్నది సేల్స్‌ది, ఏ ఫీచర్ లోపలికి రావాలన్నది నాది, లెక్క తప్పితే ఆపేసే హక్కు అకౌంట్స్ అమ్మాయిది. ఎవరైనా ఒప్పుకోకపోతే "నేను ఒప్పుకోలేదు, కానీ చేస్తాను, ఫలానా తేదీన మళ్ళీ అడుగుతాను" అని కిందే సంతకం పెట్టాలి. సేల్స్ వాడు రెండు చోట్ల అలా పెట్టాడు. అందులో ఒకటి తర్వాత వాడే కరెక్ట్ అని తేలింది, మార్చాం.

ఇది జరిగి ఏడు వారాలైంది. మూడు యూనిట్లు వాడుతున్నాయి, షీట్ నుంచి చిన్న యాప్‌కి పోయిన వారమే మారాం. రెండో శనివారం మావయ్య యూనిట్‌లో చీటీ ఓనర్‌కే ఇస్తుంటే వెనకాల నిలబడ్డ ఒకామె "మా కాయితం మాకివ్వరేటి బావు?" అని అడిగింది. ఆ రాత్రే మార్చాం. ఇప్పుడు ఎవరి చీటీ వాళ్ళ చేతికే వెళ్తుంది, పెద్ద తెలుగు అక్షరాల్లో, రోజువారీ తూకంతో సహా. గోడ మీది ఆరు స్లిప్పుల్లో "చేతికిచ్చే చీటీ" అని రాసుకున్నాం గానీ ఎవరి చేతికి అన్నది ఐదుగురిలో ఒక్కరం కూడా అడగలేదు, సార్ కూడా అడగలేదు.

రేటింగ్ అయిదుకి నాలుగు. వెళ్ళేవాళ్ళు హోంవర్క్ మాత్రం పూర్తిగా చేసి వెళ్ళండి, మేం ఏడు యూనిట్లతో వెళ్ళాం, ఆ మిగిలిన మూడూ కూడా తిరిగి ఉంటే ఆ చీటీ మాట ముందే వినేవాళ్ళమేమో.