హైరార్కికల్ రిగ్రెషన్‌కి జమోవీ సరిపోతుందా?

సైకాలజీ స్కాలర్ల థీసిస్‌లు దిద్దడం నా ఉద్యోగంలో భాగం. ఫలితాల అధ్యాయంలో దాదాపు ప్రతిసారీ ఒకే వాక్యం కనిపిస్తుంది: "అసంప్షన్లన్నీ నెరవేరాయి." (లెక్క చెల్లాలంటే డేటా తీర్చాల్సిన షరతులే అసంప్షన్లు.) ఏం చూశావమ్మా అని అడిగితే మౌనం. అందుకని జమోవీ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌ని ఈ ఒక్క పనికే పరీక్షించాను. వేరియబుల్స్‌ని బ్లాకులుగా, అంటే విడతలుగా ఎక్కించే హైరార్కికల్ రిగ్రెషన్‌లో (కొన్ని అంశాలతో ఒక ఫలితాన్ని అంచనా వేసే లెక్క) అసంప్షన్లు, అవుట్‌లయర్లు (మిగతావాటికి దూరంగా పడ్డ కేసులు) చూసుకోవడానికి ఇది పనికొస్తుందా?

ఉచితం, ఓపెన్ సోర్స్, లోపల నడిచేది ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష. నా దగ్గరున్నది 2.3 వెర్షన్. మామూలు ల్యాప్‌టాప్ మీద చక్కగా నడుస్తోంది.

ఈమధ్య నా ముందుకొచ్చిన డేటా ఇంటర్ పిల్లల పరీక్షల టెన్షన్ గురించి. మొదటి బ్లాకులో వయసు, జెండర్, తల్లి చదువు. రెండో బ్లాకులో నిద్ర, ఇంట్లోవాళ్ల ఆసరా. మోడల్ బిల్డర్‌లో ఇవి సర్దడం నిమిషం పని. రెండో బ్లాకు వల్ల ఆర్ స్క్వేర్ (టెన్షన్‌లోని తేడాల్లో మోడల్ వివరించే వాటా) ఎంత పెరిగిందో, ఆ పెరుగుదలని పరీక్షించే ఎఫ్, పీ విలువలతో సహా ఒక టేబుల్ వచ్చేస్తుంది. నాకు బాగా నచ్చింది మాత్రం ఆ కింద ఉండే డ్రాప్‌డౌన్. మోడల్ 1 ఎంచుకుంటే దాని రెసిడ్యువల్ (అసలు విలువకీ మోడల్ అంచనాకీ తేడా) ప్లాట్లు, మోడల్ 2 ఎంచుకుంటే దానివి. డబ్బు పెట్టి కొనే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో బ్లాకులు పెడితే ప్లాట్లు చివరి మోడల్‌కే వస్తాయి.

అసంప్షన్ల టిక్ బాక్సులన్నీ ఒకేచోట ఉన్నాయి: డర్బిన్-వాట్సన్ (పక్కపక్క వరుసల రెసిడ్యువల్స్‌కి సంబంధం ఉందా), వీఐఎఫ్ (ప్రిడిక్టర్లు, అంటే అంచనాకి వాడే వేరియబుల్స్, ఒకదానితో ఒకటి ఎంత కలిసిపోయాయి), షాపిరో-విల్క్, క్యూ-క్యూ ప్లాట్ (రెండూ రెసిడ్యువల్స్ నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో, ఉన్నాయా), రెసిడ్యువల్ ప్లాట్లు. అన్నీ ఇంత తేలిగ్గా దొరకడంలో ప్రమాదం కూడా ఉంది. షాపిరో-విల్క్‌లో పీ 0.05 కంటే తగ్గిందని పిల్లలు కంగారుపడిపోతారు. శాంపిల్ మూడు వందలు దాటితే చిన్న వంకరకే ఆ టెస్ట్ అరిచేస్తుంది. క్యూ-క్యూ ప్లాట్‌లో చుక్కలు గీతకి దగ్గరగా ఉన్నాయో లేదో కళ్లతో చూడటం మేలు. పైగా అది చూసేది రెసిడ్యువల్స్‌ని. వయసు, నిద్ర గంటలు నార్మల్‌గా ఉండాలని ఎవరూ అడగలేదు.

డర్బిన్-వాట్సన్ 2 దగ్గర ఉంటే సంబరపడటమూ అంతే. ఒక్కసారి నింపించిన ప్రశ్నావళి డేటాలో వరుసల క్రమానికి పెద్దగా అర్థం ఉండదు కదా! పిల్లలంతా నాలుగైదు కాలేజీల నుంచి వచ్చారంటే ఒకే కాలేజీ పిల్లల జవాబులు ఒకలాగే ఉండొచ్చు. అసలు సమస్య అది. దానికి కాలేజీల గుంపులని లెక్కలోకి తీసుకునే మల్టీలెవెల్ మోడల్ కావాలి, టిక్ బాక్స్ కాదు. (వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేది మాత్రం డర్బిన్-వాట్సన్ ఎంత అనే!)

రెసిడ్యువల్ ప్లాట్ ఒకవైపు విచ్చుకుంటోందా (చుక్కల చెదురు పెరుగుతోందా) లేదా అన్నది కంటితోనే తేల్చుకోవాలి. దాన్ని అంకెతో తేల్చే బ్రూష్-పేగన్ టెస్ట్ కావాలంటే మోర్‌టెస్ట్స్ అనే మాడ్యూల్ విడిగా వేసుకోవాలి. అదీ ఉచితమే.

ఇక అవుట్‌లయర్లు. జమోవీ తడబడేది ఇక్కడే. కుక్స్ డిస్టెన్స్ (ఒక్కో కేసు ఫలితాన్ని ఎంత లాగుతోందో చెప్పే కొలత) టిక్ చేస్తే సగటు, మీడియన్, కనిష్ఠం, గరిష్ఠం చూపిస్తుంది గానీ ఆ గరిష్ఠం ఏ విద్యార్థిదో చెప్పదు. సేవ్ విభాగంలోకి వెళ్లి దాన్ని కాలమ్‌గా డేటాలోకి తెచ్చుకుని వెతుక్కోవాలి. అలా వెతికితే దొరికింది 71 ఏళ్ల ఇంటర్ విద్యార్థి. 17ని తిరగేసి టైప్ చేశారు. దాన్ని దిద్దడానికి చర్చ అక్కర్లేదు. అన్ని ప్రశ్నలకీ వరసగా 4 కొట్టిన ఇంకో అబ్బాయి సంగతే తేలదు. తీసేయాలా, ఉంచాలా?

ఇలాంటప్పుడు ఫిల్టర్ పనికొస్తుంది. ఐడీ నంబర్‌తో ఆ వరుసని పక్కన పెడితే ఫలితాలన్నీ వాటంతటవే మారతాయి, వరుస మాత్రం డేటాలో అలాగే ఉంటుంది. ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి చూసి, రెండూ థీసిస్‌లో రాయించాను. పీ విలువ కిందికి దిగేదాకా ఒక్కొక్కరినీ పీకేసే స్కాలర్లకి కూడా ఈ ఫిల్టర్ అంతే సులువు, అదొక్కటే భయం. ఫైల్‌లో డేటాతో పాటు ఎంచుకున్న ఆప్షన్లు, ఫిల్టర్లు కూడా సేవ్ అవుతాయి కాబట్టి గైడ్ తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

నా 2.3లో పెద్ద లోటు మహలనోబిస్ డిస్టెన్స్ (ప్రిడిక్టర్లన్నీ కలిపి చూస్తే ఒక కేసు మిగతావాటికి ఎంత దూరమో చెప్పే కొలత). సేవ్ జాబితాలో అది లేదు; తర్వాతి వెర్షన్లలో చేర్చారు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఒక్క టిక్‌తో వస్తుంది. ఐదు ప్రిడిక్టర్లుంటే 0.001 స్థాయిలో 20.52 దాటినవాళ్లని గుర్తుపెట్టుకుంటాం. ఈ డిస్టెన్స్‌ని 1936లో మహలనోబిస్ గారు కలకత్తాలో రూపొందించారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు మహలనోబిస్ స్థాపించిన సంస్థలోనే పనిచేశారు. ఈ వెర్షన్‌లో ఆ దూరం కోసం మనం ఆర్‌జే ఎడిటర్ తెరిచి ఆర్ కోడ్ రాసుకోవాల్సి రావడం చిరాకే. కోడ్ అంటే భయపడేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

ఐదుకి నాలుగు ఇస్తాను. లైసెన్సుకి డబ్బు లేని స్కాలర్లు నిస్సంకోచంగా వాడొచ్చు. తగ్గించిన ఆ ఒక్కటీ ఈ 2.3లో మహలనోబిస్‌కి టిక్ బాక్స్ లేనందుకు.