చిన్న స్క్రిప్టుకు ఏ టోకెన్ మేలు?

మీ గిట్‌హబ్ రిపాజిటరీలో (కోడ్ దాచుకునే చోటు) ఎన్ని ఇష్యూలు (నమోదైన సమస్యలు, పనులు) పెండింగ్‌లో ఉన్నాయో రోజూ ఉదయం లెక్కపెట్టే ఇరవై లైన్ల పైథాన్ స్క్రిప్టు రాశారనుకుందాం. గిట్‌హబ్ ఏపీఐకి, అంటే ప్రోగ్రాములు గిట్‌హబ్‌తో మాట్లాడే ద్వారానికి, అది తన గుర్తింపు ఎలా చూపాలి?

ఏమీ చూపకపోయినా బహిరంగ సమాచారం వస్తుంది. కాకపోతే ఒక ఐపీ అడ్రసుకు గంటకు 60 రిక్వెస్టులే. ఆఫీసులో పదిమందీ ఒకే కనెక్షన్ మీద ఉంటే ఆ అరవై అందరికీ కలిపే. టోకెన్ (పాస్‌వర్డ్‌కు బదులు గిట్‌హబ్ ఇచ్చే రహస్య అక్షరాల వరుస) చూపితే గంటకు 5,000. పాస్‌వర్డ్ పంపే పద్ధతిని గిట్‌హబ్ ఏపీఐ 2020 నవంబరులోనే ఎత్తేసింది.

టోకెన్ వెళ్లే తీరు చూడండి: రిక్వెస్టుతో పాటు వెళ్లే ఆథరైజేషన్ హెడర్‌లో ‘బేరర్’ అన్న మాట, ఒక ఖాళీ, ఆ తర్వాత టోకెన్. బ్యాంకులో బేరర్ చెక్కు ఎలాగో ఇదీ అలాగే, ఎవరి చేతిలో ఉంటే వారికే చెల్లుతుంది. అందుకే దాని మీద ఎంత అధికారం రాసి ఇస్తున్నామన్నదే నాకు ముఖ్యం.

మన ఖాతా మీద తీసుకునే టోకెన్లు రెండు రకాలు: క్లాసిక్, ఫైన్-గ్రెయిన్డ్. క్లాసిక్ టోకెన్ తీసుకోవడం నిమిషం పని. కానీ ప్రైవేటు రిపాజిటరీ చదవాలంటే దానికి ‘రెపో’ అనుమతి ఇవ్వాలి. దాంతో మీకు అందుబాటులో ఉన్న ప్రైవేటు రిపాజిటరీలన్నిటినీ చదవడమే కాదు, మార్చే అధికారం కూడా చేతులు మారుతుంది. లెక్కలు రాసే మనిషికి ఇంటి తాళాల గుత్తి అప్పగించినట్టే.

ఫైన్-గ్రెయిన్డ్ టోకెన్‌లో ఒకే రిపాజిటరీని ఎంచుకుని, ఇష్యూలు చదవడానికి మాత్రమే అనుమతించవచ్చు. నా ఓటు దీనికే. చిక్కులు లేవని కాదు. ఒక టోకెన్ ఒకే యజమాని రిపాజిటరీలకు పనిచేస్తుంది. రెండు సంస్థలవి చూడాలంటే రెండు టోకెన్లు కావాలి. ప్రైవేటు రిపాజిటరీకి అనుమతి లేకపోతే, అది ఉందన్న సంగతి కూడా బయటపడకుండా 404 (దొరకలేదు) అన్న జవాబు వస్తుంది. అప్పుడు యూఆర్ఎల్‌లో తప్పు వెతుకుతూ కూర్చోకుండా ముందు అనుమతులు చూడండి. 401 వస్తే మాత్రం టోకెనే చెల్లలేదని అర్థం.

గిట్‌హబ్ యాప్ (మనిషి ఖాతాతో కాక తన సొంత గుర్తింపుతో పనిచేసేది) మరో దారి. ప్రైవేట్ కీతో సంతకం చేసి, పది నిమిషాలకు మించి చెల్లని జేడబ్ల్యూటీ (సంతకం ఉన్న చిన్న గుర్తింపు పత్రం) తయారుచేసి, దాన్ని చూపి గంటసేపు పనిచేసే టోకెన్ తెచ్చుకోవాలి. ఉద్యోగి మానేసినా ఆగకూడని పనులకు అదే సరైనది. మన ఇరవై లైన్లకు అక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా టోకెన్‌ను కోడ్‌లో రాయకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ బయట, కంప్యూటర్‌లో పెట్టుకునే విలువ) నుంచి చదివించండి. పొరపాటున దాన్ని కమిట్ చేసి (మార్పుగా నమోదు చేసి) పుష్ చేశారా (గిట్‌హబ్‌కు పంపారా)? ఆ లైను తీసేసి మళ్లీ కమిట్ చేసినా పాత కమిట్‌లో టోకెన్ అలాగే ఉంటుంది. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని రద్దు చేయండి. హిస్టరీని శుభ్రం చేసే పని ఆ తర్వాత.