షెల్ అకౌంట్ల సర్వర్: కొన్నేళ్లు నడిపాక నా సమీక్ష

మా కమ్యూనిటీకి షెల్ అకౌంట్లు (దూరం నుంచి లాగిన్ అయి కమాండ్‌లు కొట్టుకునే ఖాతాలు) ఇచ్చే డెబియన్ లినక్స్ సర్వర్‌ని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. 1987లో మొదలైన ఎస్‌డీఎఫ్ అనే కమ్యూనిటీ చేస్తున్నది ఇదే. 2014లో టిల్డ్ క్లబ్ అనే ఇలాంటి సర్వర్ వచ్చాక చిన్న బృందాలకూ ధైర్యం వచ్చింది. యంత్రం విషయంలో నాకు పూర్తి తృప్తి. టీమక్స్‌లో (లాగౌట్ అయినా సెషన్‌ని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) ఐఆర్‌సీ చాట్ తెరిచి ఉంచుకునేవాళ్లకీ, సొంత పేజీలు పెట్టుకునేవాళ్లకీ మామూలు వీపీఎస్ (అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్) చాలు. టెన్షనంతా బయటికి వెళ్లే ట్రాఫిక్‌తోనే.

ముందు మెమరీ సంగతి. వాడకానికి హద్దు పెట్టే యూలిమిట్ కమాండ్ చాలనిపిస్తుంది గానీ చాలదు. అది ఒక్కో ప్రాసెస్‌నీ విడిగా కొలుస్తుంది, కాబట్టి పది ప్రాసెస్‌లు తెరిచినవాళ్లకి పదింతలు దొరుకుతుంది. లినక్స్‌లో సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ ప్రతి యూజర్ ప్రాసెస్‌లనీ ఒక స్లైస్‌లో, అంటే ఒకే గుంపులో, ఉంచుతుంది. మెమరీమ్యాక్స్ (మెమరీకి హద్దు), టాస్క్స్‌మ్యాక్స్ (ప్రాసెస్‌ల సంఖ్యకి హద్దు) అక్కడ పెడితే ఆ మనిషి వాడకమంతా కలిపి లెక్కకొస్తుంది. ఎవరైనా సరదాకి ఫోర్క్ బాంబ్ (తన కాపీలని అంతులేకుండా పుట్టించే ప్రోగ్రామ్) వదిలినా ఇబ్బంది వాళ్లకే, పక్కవాళ్ల ఎడిటర్ మామూలుగానే నడుస్తుంది. మొత్తం సెటప్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. డిస్క్ కోటా మాత్రం మొదటిరోజే ఆన్ చేసేయండి, దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇక నెట్‌వర్క్. ఒకసారి ఒక అకౌంట్ నుంచి వేరే సర్వర్ల పాస్‌వర్డ్‌లు ఊహించే స్క్రిప్ట్ నడిచింది. ఫిర్యాదు హోస్టింగ్ కంపెనీకి వెళ్లింది, వాళ్లు సర్వర్ మొత్తాన్నీ ఆపేశారు. బయటికి కనిపించేది ఒకే ఐపీ అడ్రస్ కదా, ఒకరు చేసింది అందరికీ చుట్టుకుంటుంది. ఇప్పుడు బయటికి మెయిల్ పంపే 25వ పోర్ట్ ఎవరికీ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వాడే 22 అడిగినవాళ్లకే. ప్యాకెట్ ఏ యూజర్‌దో చూసి నియమం పెట్టే వీలు ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఫైర్‌వాల్‌లో ఉంది. కోడ్ దాచుకునే గిట్‌ని 22 మీద వాడేవాళ్లు ఒకసారి అడగాల్సి వస్తోంది, అది నిజంగానే విసుగు. అయినా నేను వెనక్కి తీసుకోను.

అకౌంట్ ఎందుకు కావాలో రెండు వాక్యాలు రాయమంటాను, చదివి నేనే తెరుస్తాను. క్రిప్టో మైనింగ్ కోసం వచ్చేవాళ్లు ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోతారు. రాసినవాళ్లతో పరిచయం అక్కడే మొదలవుతుంది, నాకు ఈ పనిలో ఇష్టమైన ఘట్టం అదే.

ఒకరి కమాండ్‌లు ఇంకొకరికి కనబడకుండా నడుస్తున్న ప్రాసెస్‌లని చూపించే ప్రాక్ ఫోల్డర్‌ని హైడ్‌పిడ్ ఆప్షన్‌తో మౌంట్ చేశాను. ‘హూ’ కమాండ్ కొడితే లాగిన్ అయినవాళ్ల పేర్లు మాత్రం కనబడతాయి. అవి కనబడాలి కూడా, లేకపోతే కలిసి ఉన్నట్టే అనిపించదు.

అకౌంట్ మూసేటప్పుడు జాగ్రత్త. పాస్‌వర్డ్ లాక్ చేసినా ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్) లోపలికి రావచ్చు, కాబట్టి యూజర్‌మాడ్ కమాండ్‌తో అకౌంట్ గడువు ముగిసినట్టు పెట్టాలి. పూర్తిగా తీసేయకండి: చివరగా చేరిన యూజర్‌ని తీసేస్తే ఆ యూఐడీ (యూజర్ నంబర్) తర్వాత వచ్చేవాళ్లకి వెళ్లిపోతుంది, హోమ్ ఫోల్డర్ బయట మిగిలిపోయిన పాత ఫైళ్లు కూడా వాళ్లవైపోతాయి.