టీవీ తరలింపు: కంపెనీ పెట్టెలోనా, బొంతలో చుట్టా?

తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లే. అయినా టీవీ పగలడానికి దూరంతో పనిలేదు, ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు.

కొన్నప్పటి అట్టపెట్టె అటక మీద ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు. లోపలి థర్మాకోల్ అంచుల్నీ మూలల్నీ పట్టుకుంటుంది, తెర మీద బరువు పడనివ్వదు. గుట్టంతా అందులోనే ఉంది. థర్మాకోల్ పారేసి ఉత్త పెట్టె దాచుకున్నవాళ్లకి సగం లాభమే.

బొంత మెత్తనే, కానీ తాడు బిగించేసరికి ఒత్తిడంతా తెర మీదే. పైకి గీత కూడా కనిపించదు. ఆన్ చేస్తే రంగు చారలు! తప్పదంటే ముందు పలచటి నూలు దుప్పటి చుట్టండి. నాలుగు మూలలకీ రెండంగుళాల మందం ఫోమ్ తొడిగి, దానిమీద తెరకంటే పెద్ద గట్టి అట్ట ఆనించండి. అప్పుడు అట్ట తెరకి తగలదు. ఆపైన బొంత. తాడు మాత్రం అంచుల దగ్గరే, నడిమధ్య వద్దు.

ఏది చేసినా బండిలో టీవీని నిలువుగానే పెట్టాలి. పడుకోబెడితే ప్రతి కుదుపుకీ తెర వంగుతుంది. స్టాండు స్క్రూలు కవర్లో వేసి రిమోట్‌కి కట్టేయండి.