బెంగళూరులో మొదటి ఫ్లాటు కొనబోయేవారికి హెచ్చరిక: పెన్సిలుతో రాసిచ్చిన మెయింటెనెన్సు అంకెను నమ్మకండి

బెంగళూరులో మొదటిసారి సొంత ఫ్లాటు కొనే ఆలోచనలో ఉన్న తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా ఈఎంఐ ఒక్కటి జీతంలో ఇమిడితే మిగతాదంతా సర్దుకుంటుందని లెక్క వేసుకుంటున్నవారికి, మా అనుభవం తెలియజేయడం అవసరమనిపించి ఇది రాస్తున్నాను. సర్జాపుర రోడ్డు వైపు నిర్మాణంలో ఉన్న ఒక ప్రాజెక్టులో 2021లో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు బుక్ చేసుకొని, 2023 జూన్‌లో తాళాలు తీసుకున్నాము. గాలి, వెలుతురు, గోడల నాణ్యత విషయంలో మాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా నెలనెలా కట్టవలసిన డబ్బు గురించి, ఆ డబ్బు ఎంతవుతుందో కొనేముందు మాకు చెప్పిన తీరు గురించి.

బుకింగ్ రోజున మావారు, నేను, అనంతపురం నుంచి వచ్చిన మా మామగారు సేల్స్ ఆఫీసులో కూర్చున్నాము. ప్రభుత్వ ఉద్యోగంలో జీవితమంతా లెక్కలు రాసి రిటైరైన మామగారు, "ఈఎంఐ సంగతి అర్థమైంది నాయనా, ఇంట్లో దిగినాక నెలనెలా ఇంకా ఏమేమి కట్టాలో అది చెప్పు" అని అడిగారు. అక్కడి సేల్స్ అబ్బాయి కాస్ట్ షీటును, అంటే ఫ్లాటు ధరల వివరాల కాగితాన్ని, వెనక్కి తిప్పి, పెన్సిలుతో "మెయింటెనెన్సు 3.50" (నెలకు చదరపు అడుగుకు మూడున్నర రూపాయలు) అని రాసి, దాని చుట్టూ ఒక సున్నా గీసి మా వైపు జరిపాడు. అదే కాగితం ముందు వైపున, చిన్న అక్షరాల షరతుల్లో, ముందుగా కట్టించుకునే మెయింటెనెన్సు అడ్వాన్సు అయిపోయిన తరువాత మెయింటెనెన్సును వాస్తవ ఖర్చుల ప్రకారం వసూలు చేస్తారని అచ్చయి ఉంది. ఆ వాక్యాన్ని మేము ముగ్గురమూ చదివాము గానీ, దానికీ వెనుక ఉన్న అంకెకూ పొత్తు కుదరదని ఆ రోజు మాకు తట్టలేదు.

ముందుగా ఆ 3.50ను దేనితో గుణిస్తారో తెలుసుకోవాలి. స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల మనం వాడుకునే స్థలం) లెక్కన అమ్మాలని చెబుతుంది, మా ఒప్పందంలోనూ 962 చదరపు అడుగుల కార్పెట్ ఏరియానే రాశారు. మెయింటెనెన్సు మాత్రం లాబీలు, మెట్లు, లిఫ్టు గదులు అన్నీ కలిపిన 1,380 అడుగుల సూపర్ బిల్టప్ ఏరియా మీద వేశారు. ఆ లెక్కన నెలకు 4,830 రూపాయలు. రెండేళ్లకు 1,15,920 రూపాయలు ముందుగానే కట్టించుకొని, దానిపై 18 శాతం జీఎస్టీ కింద 20,866 రూపాయలు, కార్పస్ ఫండు (ముందుముందు పెద్ద ఖర్చుల కోసం దాచే నిధి) కింద 69,000 రూపాయలు కలిపారు. మెయింటెనెన్సు నెలకు 7,500 లోపు ఉంటే జీఎస్టీ ఉండదని ఎక్కడో విని మేము వాదించాము. ఆ మినహాయింపు నివాసుల సంఘం తన సభ్యుల దగ్గర వసూలు చేసే మొత్తానికే గానీ బిల్డరు వసూలు చేసే మొత్తానికి వర్తించదని అప్పుడు తెలిసింది. రిజిస్ట్రేషను ముందు వారం కట్టవలసిన ఈ రెండు లక్షల పైచిలుకును చాలామంది తమ పొదుపు లెక్కలో చేర్చుకోరు. మేమూ చేర్చుకోక, మా అమ్మ దగ్గర చేబదులు తీసుకోవలసి వచ్చింది.

రెండేళ్లకని తీసుకున్న అడ్వాన్సు 14 నెలలకే అయిపోయిందని 2024 ఆగస్టులో ఉత్తరం వచ్చింది. 1,15,920ని 14తో భాగించి చూడండి: నెలకు 8,280, అంటే అడుగుకు సరిగ్గా 6 రూపాయలు. పెన్సిలుతో రాసిన అంకెకు అది ఒకటిన్నర రెట్లకు పైనే. వివరణ అడిగితే నీళ్ల ట్యాంకర్లను మొదటి కారణంగా చూపించారు, అందులో కొంత నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. 2024 మార్చిలో మా బోరు ఎండిపోయి, రాత్రి పదకొండు దాటాక సంపు మూత తీసి ఒకదాని వెంట ఒకటిగా ట్యాంకర్లు దింపేవారు. ఆ పైపు చప్పుడుకు పిల్లలు నిద్రలేచేవారు. ఆ వేసవిలో 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయల ధరను జిల్లా యంత్రాంగం నిర్ణయించింది, కానీ మా లెక్కల పుస్తకంలో ఆ ధరకు వచ్చిన ట్యాంకరు ఒక్కటీ కనబడలేదు. ఆ ఏడాది అక్టోబరులో బెంగళూరులో కలిసిన 110 గ్రామాల కోసం కావేరి నీటి పథకం అయిదో దశ ప్రారంభమైనా, వీధిలో పైపు ఉండటం వేరు, డబ్బు కట్టి మన సంపులోకి కనెక్షను తెచ్చుకోవడం వేరు. "కావేరి నీళ్లు వస్తాయి" అని చెప్పినప్పుడు, కనెక్షను మంజూరైన కాగితం చూపించమని అడగండి.

అయితే ట్యాంకర్ల కన్నా నన్ను ఎక్కువ బాధించిన విషయం ఇంకొకటి. అప్పటికి మా బ్లాకుల్లో మూడో వంతు ఫ్లాట్లు అమ్ముడుపోలేదు. లిఫ్టు ఖాళీ అంతస్తులకూ తిరుగుతుంది, మురుగునీటి శుద్ధి ప్లాంటు సగం నిండినా నడవాల్సిందే, కాపలావారి జీతాలు ఫ్లాట్ల సంఖ్యను బట్టి తగ్గవు. ఆ ఖర్చంతా కాపురం ఉన్నవారి అడ్వాన్సుల నుంచే తీశారు, అమ్ముడుపోని ఫ్లాట్ల వాటాను బిల్డరు కట్టలేదు. సంఘం నిర్వహణను చేపట్టేవరకు నిత్యావసర సేవలను సమంజసమైన రుసుముతో అందించే బాధ్యత ప్రమోటరుదేనని, అంటే బిల్డరుదేనని, రెరా చట్టం 11వ సెక్షను చెబుతుంది. దాన్ని ఆధారం చేసుకొని ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాము. లెక్కలు నాలుగు నెలలకు వచ్చాయి, కార్పస్ ఫండు వడ్డీ లేకుండా పదకొండు నెలలు ఆలస్యంగా సంఘానికి చేరింది.

సంఘం చేతికి వచ్చాక అన్నీ పొదుపుగా నడిపి, మొదట అడుగుకు 5.40 నిర్ణయించాము. ఆ అంకె వెనుక ఒక కారణం ఉంది. మా ఫ్లాటుకు అది 7,452 రూపాయలు, జీఎస్టీ పరిమితికి లోపల. అదే 5.50 అయితే 7,590; 2019 జూలైలో కేంద్రం ఇచ్చిన సర్క్యులరు ప్రకారం పరిమితి దాటితే దాటిన భాగం మీద కాక మొత్తం మీద 18 శాతం పడుతుంది కనుక బిల్లు 8,956 అవుతుంది. అంటే 138 రూపాయలు పెంచితే ఇంటి మీద 1,504 రూపాయలు పడతాయి. పరిమితి దాటిన భాగానికే పన్ను వేయాలని మద్రాసు హైకోర్టు 2021లో ఒక తీర్పు ఇచ్చింది గానీ, మా ఆడిటరు సర్క్యులరునే పాటిస్తున్నారు. కాపలా, లిఫ్టుల కాంట్రాక్టులు పెరగడంతో ఏడాది తిరిగేసరికి అడుగుకు 6.25 చేయక తప్పలేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్న బిల్లులో 8,625 రూపాయలు, దాని కింద జీఎస్టీ 1,552.50, మొత్తం 10,177.50 అని ఉంది.

ఇక ఈఎంఐ. 60 లక్షల రుణాన్ని 20 ఏళ్లకు 6.75 శాతం వడ్డీతో లెక్క వేసి నెలకు 45,622 రూపాయలు అని మాకు చూపించారు. అప్పుడు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు అది 6.50కి పెరిగింది, మా రుణం రెపోకు ముడిపడినది కనుక తాళాలు తీసుకునే నాటికి 9.25 శాతమై, పూర్తి ఈఎంఐ 54,952 దగ్గర మొదలైంది. నిర్మాణం సాగిన రెండేళ్లూ విడుదలైన రుణం మేరకు వడ్డీ ఒక చేత్తో, అద్దె 22,000 ఇంకో చేత్తో కట్టాము. 2025లో రెపో 1.25 శాతం తగ్గింది. బ్యాంకు ఆ తగ్గింపును ఈఎంఐలో చూపించక కాలపరిమితిని తగ్గించింది, కనుక నెల ఖర్చులో మాకు ఉపశమనం లేదు. వాయిదా తగ్గాలని కోరుకునేవారు బ్యాంకుకు వెళ్లి స్పష్టంగా రాసి అడగాలి.

మేము వేసుకున్న లెక్క నెలకు 50,452, కడుతున్నది 65,130. ఆస్తి పన్ను, ఇంటి కరెంటు, చిన్నచిన్న మరమ్మతులు ఇందులో లేవు. ఆస్తి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఉంది, 2025 నుంచి చెత్త సేకరణ రుసుము కూడా దానితోపాటే వసూలు చేస్తున్నారు. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మన ఇంటి మీటరుకే. లిఫ్టులకు, మోటార్లకు అయ్యే కరెంటును మనమే పంచుకోవాలి. కాస్ట్ షీటులో గృహరుణ వడ్డీపై రెండు లక్షల వరకు ఆదాయపు పన్ను మినహాయింపును కూడా నెలవారీ ఆదాగా చూపించారు. మనం ఉండే ఇంటికి ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతుంది. మావారు కొత్త విధానంలో ఉన్నారు కనుక ఆ గడి మాకు సున్నా.

కొనబోయేవారు ముందుగా అదే బిల్డరు రెండు మూడేళ్ల కిందట పూర్తి చేసిన ప్రాజెక్టుకు ఒక ఆదివారం వెళ్లి, అక్కడ ఉంటున్నవారిని ఈ నెల మెయింటెనెన్సు బిల్లు చూపించమని అడగండి. తెలుగువారు ప్రతి అపార్టుమెంటులోనూ కనబడతారు, ఎవరూ కాదనరు. ఆ రేటును మీ సూపర్ బిల్టప్ ఏరియాతో గుణించి, జీఎస్టీ కలిపి, ఈఎంఐని ఇవాళ్టి వడ్డీకి రెండున్నర శాతం ఎక్కువ వేసి చూసుకోండి. అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా బిల్డరే కడతాడని, అడ్వాన్సు లెక్కలు ఆరు నెలలకొకసారి చూపిస్తాడని అమ్మకపు ఒప్పందంలో రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే, ఆ ఖర్చు మీ మీదే పడుతుందని లెక్క వేసుకొని నిర్ణయించుకోండి.

మా ఎదురుగానే ఇప్పుడు రెండో దశ ఫ్లాట్లు అమ్ముతున్నారు. శనివారం సాయంత్రం అక్కడికి వెళ్లిన ఒక జంట మా గేటు దగ్గర ఆగి మెయింటెనెన్సు ఎంత అని నన్ను అడిగారు. వాళ్లకు ఇచ్చిన కాస్ట్ షీటులో 3.75 అని ఉంది. నేను ఇంట్లోకి వెళ్లి మా బిల్లు తెచ్చి చూపించాను, దాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నారు.