కరెంటు బిల్లు 40 శాతం తగ్గిస్తానన్న పవర్ సేవర్ డబ్బా విప్పి చూశా: 5కి 1 స్టార్

ఆన్‌లైన్‌లో 799కి దొరుకుతోంది, ప్లగ్గులో పెట్టి మర్చిపోవడమే, బిల్లు దానంతటదే 40 శాతం తగ్గుతదంట. బ్రాండ్ పేరు రాయట్లేదు ఎందుకంటే రాసినా ఉపయోగం లేదు, ఇదే డబ్బా, ఇదే పచ్చ లైటు, పది పేర్లతో తిరుగుతోంది. కొన్నది మా బాబాయ్, విప్పింది నేను.

బాబాయ్‌ని తిట్టకండి ముందే చెప్తున్నా. వాళ్ళకి గృహజ్యోతి స్కీమ్ ఉంది, 200 యూనిట్ల లోపయితే జీరో బిల్లు, ఎండాకాలం కూలర్ తిరిగితే 205, 210 అవుతది, అప్పుడు పైన పది యూనిట్లకి కాదు మొత్తానికి కట్టాలె. స్కీమ్ లేనోళ్ళకి కూడా ఇదే కథ, మన తెలంగాణ టారిఫ్‌లో మొదటి 100కి యూనిట్ 3.40, తర్వాతి 100కి 4.80, అంటే 200 యూనిట్లకి 820 రూపాయలు, అదే 201 అయిందనుకోండి మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్కన వేస్తరు, 1,025 దాటుతది. ఒక్క యూనిట్‌కి 200 పైన తేడా! పాలసీ ఇట్ల గోడ కట్టినట్టు ఉంటే ఆ గోడ దగ్గర నిలబడ్డోడు ఏ డబ్బా అయినా కొంటడు, అమ్మేటోళ్ళకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. యూనిట్లు పెరిగిన కొద్దీ రేటు మెల్లగా పెరిగేలా పెడితే సగం గిరాకీ పోతది వీళ్ళకి.

ఇక లోపల ఏముందంటే చిన్న సర్క్యూట్ బోర్డు, రెండు ఎల్‌ఈడీలు, వాటిని వెలిగించడానికి నాలుగు డయోడ్లు, రెసిస్టర్లు, ఒక కెపాసిటర్. అంతే సామాను. అదే మన ఎలక్ట్రీషియన్లు కండెన్సర్ అంటరు చూడండి, ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే మారుస్తరు, ఆ రకమే. దాంతోపాటు ఇచ్చిన కాగితం మీద మాత్రం టెస్లా టెక్నాలజీ, గాలిలో వృథాగా పోయే ఎనర్జీని పట్టి వాపస్ ఇస్తది అని రాసుంది.

అమ్మేటోళ్ళ వీడియోలో క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పెడితే ఎంత కరెంటు పారుతుందో ఆంప్స్‌లో చూపేది) పెట్టి ఆంప్స్ తగ్గడం చూపిస్తరు, అది అబద్ధం కాదు, నిజంగానే తగ్గుతది, తిరకాసంతా అక్కడే ఉంది. మోటార్ లాంటివి పనికొచ్చే కరెంటుతో పాటు పనికిరాని కరెంటు కూడా లాగి మళ్ళీ లైనులోకే వదిలేస్తయి, కెపాసిటర్ పెడితే ఆ రెండోది లైను నుంచి రావాల్సిన పని కొంత తప్పుతది కాబట్టి ఆంప్స్ తగ్గినట్టు కనిపిస్తది. కానీ మన ఇంటి మీటర్ కిలోవాట్ అవర్లే లెక్కేస్తది, అంటే నిజంగా ఖర్చయిన దానికే బిల్లు. పెద్ద ఫ్యాక్టరీలకి హెచ్‌టీ (హై వోల్టేజీ) కనెక్షన్ మీద కేవీఏహెచ్ లెక్కన వేస్తరు, అంటే ఆ పనికిరాని కరెంటు కూడా లెక్కలోకి వస్తది, అక్కడ కెపాసిటర్ బ్యాంకు పెడితే నిజంగానే డబ్బులు మిగుల్తయి. పొలం మోటార్లకి కెపాసిటర్ పెట్టుకోండని కరెంటోళ్ళు మొత్తుకునేది కూడా లైను చివర వోల్టేజీ పడిపోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు తగ్గాలని. అంటే వస్తువు మంచిదే, ఇంట్లో దానికి పని లేదు.

నమ్మకపోతే మీరే చూసుకోండి. మీటర్ మీద ఎర్ర లైటు ఒకటి టిక్కుటిక్కుమంటుంది కదా, పక్కనే యూనిట్‌కి ఎన్ని సార్లు కొట్టుకుంటదో రాసుంటది, మా బాబాయ్ వాళ్ళ దాని మీద 3200 ఉంది. ఇంట్లో అన్నీ ఆఫ్ చేసి (ఫ్రిజ్ కూడా, అది మర్చిపోతరు) ఒక్క 75 వాట్ల పాత ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెడితే 15 సెకన్లకోసారి కొట్టుకోవాలె, కొట్టుకుంది. డబ్బా పెట్టినంక? అదే 15 సెకన్లు.

ఇదంతా ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బావ "ప్రతి కొత్తదాన్నీ ఇట్లనే తొక్కేస్తరు, ఆయిల్ కంపెనీలు ఫ్రీ ఎనర్జీ రానియ్యవు" అని మొదలుపెట్టి నీళ్ళతో నడిచే కారు దాకా పోయిండు. ఆ కారు చూపించిన స్టాన్లీ మేయర్ మీద పెట్టుబడి పెట్టినోళ్ళే కేసేస్తే 1996లో అమెరికాలో ఒహాయో కోర్టు మోసమని తేల్చింది బావా. కొత్తదాన్ని ఎవరూ చూడరంటే నేనొప్పుకోను. 1989లో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు కెమిస్టులు కోల్డ్ ఫ్యూజన్ (మామూలు వేడిలోనే పరమాణు కేంద్రకాలు కలిసి ఎనర్జీ ఇస్తయని) అంటే మన బార్క్ (ముంబైలోని అణు పరిశోధన కేంద్రం) వాళ్ళతో సహా ప్రపంచమంతా పల్లాడియం, భారజలం పట్టుకుని ల్యాబుల్లో కూర్చున్నరు, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి గూగుల్ డబ్బు పెట్టి మళ్ళీ చేయిస్తే ఆధారం దొరకలేదని 2019లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేశారు, అయినా 2023లో అమెరికా ప్రభుత్వం ఇంకోసారి చూద్దామని కోటి డాలర్లు ఇచ్చింది. ఇంతకన్నా ఓపిక ఏముంటది. ఈ డబ్బావాడిని ఒక్క టెస్ట్ రిపోర్ట్ అడిగితే వాట్సాప్‌లో ఎమోజీ పంపిండు.

799కి ఇంకా డబ్బులు కలిపి బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తాగే మోటార్ ఉన్నది) తెచ్చుకుంటే 28, 30 వాట్లలో నడుస్తది, రోజుకి పది గంటలు తిరిగితే నెలకి ఒక్కో ఫ్యాన్ మీద 13, 14 యూనిట్లు మిగుల్తయి, బాబాయ్ 200 లోపు ఉండడానికి అవి చాలు. సొంతిల్లు, డాబా ఉంటే సోలార్ చూడండి, కేంద్రం సూర్యఘర్ స్కీమ్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది.

ఇంకోటి, ఈ డబ్బా తీసిన వెంటనే ప్లగ్గు పిన్నులు ముట్టుకోవద్దు, చార్జి మిగిలుంటే షాక్ కొడతది, చిన్న పిల్లలుంటే మరీ జాగ్రత్త. చవక కెపాసిటర్ని 24 గంటలు మెయిన్స్‌లో పెట్టి పడుకోవడం కూడా నాకు నచ్చలేదు.

అదే పేజీలో 5 స్టార్ రివ్యూలు బోలెడు, చదివితే అన్నీ డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్ అనే. రిటర్న్ గడువు 7 రోజులు, బిల్లు వచ్చేది నెలకోసారి, కాబట్టి ఆల్రెడీ ఆర్డర్ పెట్టినోళ్ళు వచ్చిన రోజే ఆ ఎర్ర లైటు టెస్ట్ చేసి వెనక్కి పంపేయండి, నాలాగ విప్పితే మాత్రం తీసుకోరు.